“నీకేం నేర్చుకోవాలనుంది?” అని సిస్టర్ అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. నేను బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం, అయిదో సెమిస్టర్‌లో ఉన్నాను. మాది పల్లెటూరు, ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఇన్నాళ్ళూ పోస్టింగ్ అంటే బీపీలు చూడటం, బెడ్లు సర్దడం, ల్యాబ్‌కి శాంపిల్స్ మోయడం, సీనియర్ల కేర్ ప్లాన్ చూసి రాసేయడం, అంతే. ఈసారి జిల్లా ఆసుపత్రి పిల్లల వార్డులో నాలుగు వారాలు వేశారు. మా కాలేజీవాళ్ళు కొత్త పద్ధతి పెట్టారు. ఒక్కొక్కరికి ఒక స్టాఫ్ నర్సును మెంటర్‌గా ఇచ్చి, ఏం నేర్చుకోవాలో మమ్మల్నే రాసుకోమన్నారు. మొదటిరోజు మా మెంటర్ సిస్టర్ “నీకేం నేర్చుకోవాలనుంది?” అని అడిగారు. “అన్నీ నేర్చుకోవాలి సిస్టర్” అన్నాను. ఆవిడ నవ్వి, “రేపు ఆలోచించుకుని రా” అన్నారు. ఆ నవ్వు గుర్తొస్తే నిద్ర పట్టట్లేదు. వార్డులో 40 మంది పిల్లలుంటారు, ఏదైనా అడిగితే విసుక్కుంటారేమోనని టెన్షన్. మా ఫ్రెండ్స్ అయితే “మేడం వాళ్ళు పని తప్పించుకోవడానికే ఇదంతా” అంటున్నారు. ఏ పని ఎన్నిసార్లు చేశామో రాసి సంతకం పెట్టించుకునే ప్రొసీజర్ బుక్‌లో సంఖ్యలు నిండకపోతే ఏం చేయాలి? సిస్టర్‌కి చివర్లో ఏదైనా గిఫ్ట్ ఇవ్వాలా? నా పేరు వేయకండి. – ఒక విద్యార్థిని

సమాధానం: ముందు ఆ నవ్వు సంగతి తేల్చేద్దాం. ఆవిడ నిన్ను వెక్కిరించలేదమ్మా. ‘అన్నీ’ అన్న మాట ప్రతి బ్యాచ్ నోటా వినేదే. అన్నీ కావాలన్న పిల్లకి దేనితో మొదలుపెట్టాలో ఆవిడకి మాత్రం ఎలా తెలుస్తుంది? నేర్పే ఉద్దేశం లేని మనిషైతే “సరే, వెళ్ళి టెంపరేచర్లు చూడు” అనేసేవారు. “ఆలోచించుకుని రా” అన్నారంటే నీకు మంచి మెంటరే దొరికారు. నిశ్చింతగా నిద్రపో.

మీ ఫ్రెండ్స్ మాటను మాత్రం కొట్టిపారేయను. ట్యూటర్లు వార్డుకి రావడం మానేసి, భారమంతా డ్యూటీ సిస్టర్ నెత్తిన పెట్టి, దానికి స్వీయ అభ్యసనం అని పేరు పెడితే అది మోసమే. మీ కాలేజీ అలా చేస్తోందో లేదో తేల్చుకోవడం తేలిక. వారానికి ఒకసారైనా మీ మేడం నిన్నూ సిస్టర్‌నూ కూర్చోబెట్టుకుని, నువ్వు రాసుకున్న లక్ష్యాలు ఎంతవరకు వచ్చాయో అడుగుతున్నారా? అడుగుతుంటే పద్ధతి నిజమైనదే. అడగకపోతే మీరే నలుగురు కలిసి వెళ్ళి, “మేడం, శనివారం పది నిమిషాలు వార్డుకి రాగలరా?” అని అడగండి. మర్యాదగా అడిగితే కాదనే ట్యూటర్‌ని నేనింతవరకు చూడలేదు. మర్చిపోయేవాళ్ళు మాత్రం ఉంటారు, వాళ్ళకి గుర్తుచేయాలి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. మాల్కం నోల్స్ అనే అమెరికన్ విద్యావేత్త 1975లోనే దీన్ని వివరంగా రాశాడు. తనకేం తక్కువో విద్యార్థి తనే గుర్తుపట్టాలి, లక్ష్యం తనే పెట్టుకోవాలి, ఎవరి దగ్గర, దేని ద్వారా నేర్చుకోవాలో తనే వెతుక్కోవాలి, వచ్చిందో లేదో తనే తేల్చుకోవాలి అన్నాడు. ఇతరుల సాయం తీసుకున్నా, తీసుకోకపోయినా చొరవ మాత్రం విద్యార్థిదే అన్నది ఆయన మాటల సారం. నర్సింగ్‌లో మాత్రం ‘సాయం లేకుండా’ అన్న భాగం కుదరదు. ఎందుకంటే మన ఎదురుగా పడుకుని ఉన్నది ఒక పసిబిడ్డ. ఊరి బావిలో ఈతకి దిగే పిల్లాడి నడుముకి బెండు కట్టి, తాడు గట్టుమీద పెద్దవాళ్ళు పట్టుకునేవారు. కాళ్ళూ చేతులూ ఆడించాల్సింది పిల్లాడే, తాడు వదలకుండా చూడాల్సింది పెద్దవాళ్ళు. మీ సిస్టర్ చేతిలో ఉన్నది ఆ తాడే.

2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బీఎస్సీ సిలబస్‌ను సెమిస్టర్ పద్ధతికి మార్చినప్పుడు, ఎన్ని గంటలు వార్డులో నిలబడ్డావన్నదానికంటే ఏం చేయగలవన్నదాని మీద బరువు పెట్టింది. ఎనిమిదో సెమిస్టర్‌లో నీకు 22 వారాల ఇంటర్న్‌షిప్ ఉంటుంది. అప్పుడు నీ వెనకాల ప్రతి నిమిషం ఎవరూ నిలబడరు. నీకేం రాదో నువ్వే కనిపెట్టుకునే అలవాటు ఇప్పుడే రావాలని ఇదంతా.

ఇక అసలు పని. ఈ రాత్రి ఒక కాగితం తీసుకుని పిల్లల వార్డులో చేసే పనులన్నీ రాయి. ఒక్కొక్క దాని పక్కన నాలుగు మాటల్లో ఒకటి పెట్టు: చదివాను, చూశాను, పక్కన ఎవరైనా ఉంటే చేస్తాను, ఎందుకు చేస్తున్నానో కూడా చెప్పగలను. నిజాయితీగా పెట్టు, ఎవరికీ చూపించక్కర్లేదు. ‘వైటల్స్’ (నాడి, టెంపరేచర్, శ్వాస, బీపీ) పక్కన చాలామంది కళ్ళుమూసుకుని నాలుగోది పెట్టేస్తారు. నువ్వు అక్కడే ఆగు.

ఏ వార్డులోనైనా టెంపరేచర్, నాడి, శ్వాస రాసే టీపీఆర్ చార్టులు తిరగేసి చూడు. నాడి మారుతుంది, టెంపరేచర్ మారుతుంది, శ్వాస గడిలో మాత్రం పదిమందిలో ఏడెనిమిది మందికి ఒకే అంకె. పెద్దవాళ్ళ వార్డులో 20, పిల్లల వార్డులో 30. ఎవరూ లెక్కపెట్టలేదన్నమాట. మిగతా వాటికి ఏదో ఒక పరికరం ఉంది. శ్వాసకి వాచీ, కళ్ళు, ఒక నిమిషం ఓపిక తప్ప ఇంకేమీ లేదు. ఆ ఒక్క నిమిషమే ఎవరూ పెట్టరు. పిల్లల్లో చాలాసార్లు ముందుగా మారేది ఇదే. కాబట్టి నీ మొదటి వారం లక్ష్యం ఇదే పెట్టుకోమంటాను.

‘శ్వాసకోశ వ్యాధులున్న పిల్లల నర్సింగ్ కేర్ నేర్చుకోవడం’ అని మాత్రం రాయకు. అది సిలబస్ పుస్తకంలో హెడ్డింగ్, దానికి ఏ సిస్టరూ ఏమీ చేయలేరు. ఇలా రాయి: ‘శనివారం లోపు, అయిదేళ్ళలోపు పిల్లల శ్వాసను పూర్తి నిమిషం లెక్కపెట్టి, సిస్టర్ లెక్కకి రెండుకి మించి తేడా రాకుండా చెప్పగలగాలి. ఆ వయసుకి అది వేగమా కాదా, డొక్కలు లోపలికి పోతున్నాయా లేదా చెప్పగలగాలి.’ ఇది రాసి చూపిస్తే ఆవిడ చేయాల్సింది ఒక్కటే. నీతోపాటు అదే బిడ్డను, అదే నిమిషంలో లెక్కపెట్టాలి. ఇద్దరూ ఒకరి అంకె ఒకరికి చెప్పకుండా కాగితం మీద రాసుకుని ఆ తర్వాత చూసుకోవాలి. ఆవిడ సమయం రెండు నిమిషాలు కూడా పట్టదు. 40 మంది పిల్లలున్న మనిషిని అడగాల్సింది ఇలాంటి చిన్న పనే. పెద్దపెద్ద లక్ష్యాలు రాసుకుని, సిస్టర్‌కి టైం లేదు కాబట్టి ఏమీ రాలేదని బాధపడే వాళ్ళని చాలామందిని చూశాను.

లెక్కపెట్టడంలో మెలకువలున్నాయి. ఏడుస్తున్న బిడ్డనీ పాలు తాగుతున్న బిడ్డనీ లెక్కపెట్టి లాభం లేదు. తల్లి ఒళ్ళో ప్రశాంతంగా ఉన్నప్పుడు వెళ్ళు. స్టెతస్కోప్ మెళ్ళో వేసుకుని వెళ్తే పిల్లలు సూది అనుకుని గోల పెడతారు, అది జేబులో పెట్టుకో. “అమ్మా, బాబు చొక్కా కాస్త పైకి అంటావా” అని తల్లినే అడుగు, నువ్వు చెయ్యి వేయకు. పొట్ట, ఛాతీ కలిసేచోట చూస్తూ అరవై సెకన్లూ లెక్కపెట్టు. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించడం పిల్లల్లో పనికిరాదు, వాళ్ళ శ్వాస ఒక్క తీరుగా ఉండదు. రెండు నెలల లోపు బిడ్డకి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు 40. ఆ అంకె వచ్చినా, దాటినా వేగంగా ఉన్నట్టే. రెండు నెలల లోపు బిడ్డకి 60 వస్తే మళ్ళీ ఒకసారి లెక్కపెట్టి ఖాయం చేసుకోవాలి. చిన్నపిల్లల జబ్బులు గుర్తుపట్టి చూసుకునే పద్ధతి, ఐఎంఎన్‌సీఐ పాఠంలో ఇది నువ్వు చదివే ఉంటావు. పరీక్షలో రాసిన ఆ అంకెలను ఒక తల్లి ఒళ్ళో ఉన్న బిడ్డ మీద వాడటమే ఇప్పుడు నేర్చుకోవాల్సింది.

నాలుగో రోజుకి నువ్వు సిస్టర్ దగ్గరికి ఇలా వెళ్ళగలగాలి:

“సిస్టర్, ఏడో బెడ్ బాబుకి 14 నెలలు. నిమిషం లెక్కపెట్టాను, 48 వచ్చింది. లెక్కపెట్టేటప్పుడు ఏడుపూ లేదు, పాలు తాగుతూనూ లేడు. ఏడాది దాటాడు కాబట్టి ఇది వేగమే. డొక్కలు లోపలికి పోతున్నాయనిపిస్తోంది. మీరొకసారి చూస్తారా?”

ఆవిడ వెంటనే లేచి వస్తారు. చూసి, “పొద్దున ఎంత ఉంది? జ్వరం ఎంత? ఆక్సిజన్ చూశావా?” అని అడుగుతారు. నువ్వు పొద్దుటి చార్టు చూసి ఉండవు. అక్కడ నోరు తడబడుతుంది. పర్వాలేదు, నీ రెండో లక్ష్యం ఎవరూ చెప్పకుండానే దొరికింది. ఒక అంకెను ఒంటరిగా చూడకూడదు, నిన్నటితో, పొద్దుటితో పోల్చి చూడాలి, జ్వరంతో కలిపి చూడాలి. ఇలా ఒక ప్రశ్నలోంచి ఇంకో ప్రశ్న పుట్టుకొస్తూ ఉంటే నాలుగు వారాలకి లక్ష్యాలు కూర్చుని కల్పించుకోనక్కర్లేదు.

ఇక్కడ ఒక తేడా బాగా గుర్తుపెట్టుకో. నీ అనుమానాలు రెండు రకాలు. ఒకటి నీకోసం అడిగేది, అది ఆగగలదు. ఇంకోటి బిడ్డకోసం చెప్పేది, అది ఆగదు. బిడ్డ డొక్కలెగరేస్తున్నాడు, మూలుగుతున్నాడు, పెదాలు నీలంగా ఉన్నాయి, పిలిస్తే పలకట్లేదు అనిపిస్తే సిస్టర్ ఎవరితో మాట్లాడుతున్నా, రౌండ్స్‌లో పెద్ద డాక్టరు గారే ఉన్నా, మధ్యలో వెళ్ళి చెప్పేయాలి. నువ్వు పొరబడ్డావనే తేలినా ఆ విషయంలో నిన్ను తిట్టే సిస్టర్ ఉండరు. ఉన్నా పడు, చెప్పడం మాత్రం మానకు.

ఆగగలిగే ప్రశ్నలకి మాత్రం వేళ చూసుకోవాలి. పొద్దున ఎనిమిదింటికి నైట్ సిస్టర్ ఓవర్ ఇచ్చేటప్పుడు, అంటే పేషెంట్ల సంగతులు చెప్పి డ్యూటీ అప్పగించేటప్పుడు నోరెత్తకు, నోట్‌బుక్ పట్టుకుని వెనకాల నిలబడి విను. ఆ ఇరవై నిమిషాలు సగం పాఠం అక్కడే దొరుకుతుంది. తర్వాత రౌండ్స్, మందులు, కొత్త అడ్మిషన్లు. మందుల ట్రాలీ తోస్తున్న సిస్టర్‌ని మాటల్లో పెట్టడం ప్రమాదం కూడా, డోసు తప్పేది అప్పుడే. పన్నెండు దాటాక, కేస్ షీట్లు రాసుకోవడానికి కూర్చున్నప్పుడు కాస్త ఊపిరి ఆడుతుంది. మీ వార్డు తీరు వేరే కావచ్చు, రెండు రోజులు గమనించు. లేదంటే సిస్టర్‌నే అడిగెయ్: “మీకు ఏ టైంలో అడిగితే ఇబ్బంది ఉండదు సిస్టర్?” ఈ ఒక్క ప్రశ్నతో సగం విసుగు తగ్గిపోతుంది.

అడిగే తీరు ఇంకా ముఖ్యం. “సిస్టర్, డీహైడ్రేషన్ గురించి చెప్పండి” అంటే విసుక్కోక ఏం చేస్తారు? అది పుస్తకంలో ఉంది. “పన్నెండో బెడ్ పాపకి డీహైడ్రేషన్ తగ్గిందనుకుంటున్నాను. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకుంటోంది, కళ్ళు లోపలికి పోయిలేవు, పొద్దుట్నుంచి రెండుసార్లు ఉచ్చ పోసింది. ఇంకేమైనా చూడాలా?” అంటే అది వేరు. ముందు నీ అభిప్రాయం, దానికి నీ ఆధారం, ఆ తర్వాత ప్రశ్న. డాక్టర్లకి పాఠం చెప్పేవాళ్ళ కోసం అమెరికాలో 1992లో ‘వన్ మినిట్ ప్రిసెప్టర్’ అని ఒక పద్ధతి తయారుచేశారు. నేర్పేవాళ్ళు చేయాల్సిన మొదటి పని జవాబు చెప్పడం కాదు, “నువ్వేమనుకుంటున్నావు? ఎందుకలా అనుకుంటున్నావు?” అని అడగడం. మీ సిస్టర్ ఆ పద్ధతి పేరు విని ఉండకపోవచ్చు, అయినా ఆ రెండు ప్రశ్నలకి నువ్వే సిద్ధమై వెళ్తే ఆవిడ పని తేలికవుతుంది.

రెండో వారానికి మందుల లెక్కలు పట్టుకో. ఉదాహరణకి, 10 కిలోల బిడ్డకి పారాసిటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన రాశారనుకో. 150 మిల్లీగ్రాములు. అల్మరాలో సీసాలు రెండున్నాయి. ఒకటి 5 మిల్లీలీటర్లకి 125, ఇంకోటి 5 మిల్లీలీటర్లకి 250. మొదటిదైతే 6 మిల్లీలీటర్లు, రెండోదైతే 3. మందు అదే, బిడ్డ అదే, సీసా మారితే సగానికి సగం తేడా. నువ్వు లేబుల్ చదివి, లెక్క కాగితం మీద వేసి చూపించు. సిస్టర్ సరే అన్నాక, మందు ఇవ్వడం ఆవిడ చూస్తుండగా, ఆవిడ చేతుల మీదుగానో ఆవిడ పక్కనో జరగాలి. ఈ లెక్కంతా నిలబడేది బరువు మీద. తల్లిని అడిగి బరువు రాసేయడం చాలాచోట్ల ఉన్న అలవాటు. నువ్వు మాత్రం తూచు, బూట్లు, స్వెట్టర్ తీయించి తూచు.

డ్రిప్ లెక్క కూడా ఇంతే. పిల్లలకి వాడే సన్న చుక్కల డ్రిప్ గొట్టం, మైక్రోసెట్‌లో 60 చుక్కలు ఒక మిల్లీలీటరు, కాబట్టి గంటకి ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్నే చుక్కలు. 10 కిలోల బిడ్డకి రోజుకి 1000 మిల్లీలీటర్లు రాస్తే గంటకి 42, అంటే నిమిషానికి 42 చుక్కలు. పెట్టాక అరగంటకోసారి వెళ్ళి చూడు. బిడ్డ చెయ్యి మడిస్తే చుక్కలు మారిపోతాయి. సూది ఉన్నచోట వాపు వస్తోందేమో వేలితో తాకి చూడు, కట్టు పైనుంచి చూసి సరే అనుకోకు.

స్వీయ అభ్యసనం ఎక్కడ ఆగిపోవాలో కూడా తెలియాలి. ఇంజెక్షన్, ఐవీ మందు (నరంలోకి ఇచ్చేది), రక్తం ఎక్కించడం, ముక్కు గొట్టం ద్వారా పాలు పట్టడం, ఇవేవీ సిస్టర్ పక్కన లేకుండా చేయకు. చేసేశాక సంతకం పెడతానన్నా చేయకు. “నిన్న చూపించాను కదా, వెళ్ళి ఇచ్చెయ్” అని ఎవరైనా అంటే, అది హెడ్ సిస్టరే అయినా, “నేనింకా ఒక్కదాన్నే చేయలేదు సిస్టర్, మీరు పక్కన ఉంటే చేస్తాను” అను. పొటాషియం క్లోరైడ్ ఆంపుల్ జోలికి అసలు వెళ్ళకు, కలపకుండా నేరుగా నరంలోకి వెళ్తే గుండె ఆగిపోతుంది. చాలామంది విద్యార్థులు చొరవ చూపించాలన్న ఆరాటంలో ఈ గీత దాటతారు. చొరవ అంటే ముందుగా అడగడం, ముందుగా చదివి రావడం. ముందుగా చేసేయడం కాదు.

శాంపిల్స్ మోయడం గురించి రాశావు. రోజంతా అదే పని అయితే మేడంతో చెప్పాల్సిందే, నువ్వు వార్డు బాయ్ ఖాళీని నింపడానికి రాలేదు. అయితే మోసే ప్రతిసారీ చేతిలో ఏముందో చూడటం మానకు. ఊదారంగు మూత గొట్టం రక్తకణాల లెక్కకి, బూడిదరంగు షుగర్‌కి, లేత నీలం మూత రక్తం గడ్డకట్టే పరీక్షలకి. ఆ నీలం గొట్టంలో మందు ఒక వంతుకి రక్తం తొమ్మిది వంతులు పడాలి, గీత దాకా నింపకపోతే రిపోర్టు తప్పొస్తుంది. ల్యాబ్‌వాళ్ళు శాంపిల్ వెనక్కి పంపితే ఎందుకు పంపారో అడుగు. పిల్లల వార్డులో ఒకసారి వెనక్కి పంపడమంటే ఆ బిడ్డకి ఇంకో సూది.

తెలుగు మీడియం అని రాశావు, అది నాకు లోటుగా కనిపించలేదు. “రాత్రి నుంచి డొక్కలెగరేస్తున్నాడమ్మా”, “ఏం పెట్టినా కక్కేస్తోంది”, “నెమ్ము చేసిందన్నారు” అని తల్లి చెప్పే మాట సగంలోనే నీకు అర్థమవుతుంది. ఆ తల్లి డాక్టరు ముందు నోరు తెరవదు, నీ ముందు తెరుస్తుంది. ఆ చెప్పింది విని, ఎప్పటినుంచి, ఎన్నిసార్లు అని రెండు ప్రశ్నలు వేసి సిస్టర్‌కి అందించడమే పెద్ద పని. ఇంగ్లిష్ కేస్ షీట్ చదవడం మాత్రం నేర్చుకోక తప్పదు. రోజుకి ఒక్క కేస్ షీట్ మొదటి పేజీ నుంచి చదువు, అర్థంకాని పొట్టి అక్షరాలన్నీ ఒకచోట రాసుకుని మధ్యాహ్నం అడుగు. నెల తిరిగేసరికి వార్డులో వాడే అక్షరాలన్నీ వచ్చేస్తాయి, అవి అనుకున్నంత ఎక్కువేం ఉండవు.

సొంత నోట్‌బుక్ ఒకటి పెట్టుకో, తెలుగులోనే రాసుకో. రోజూ నాలుగు వాక్యాలు చాలు: ఏం చూశాను, ఏమనుకున్నాను, సిస్టర్ ఏమన్నారు, రేపు ఏం వేరేగా చేస్తాను. రిఫ్లెక్షన్ అని కాలేజీలో పేజీలకి పేజీలు రాయిస్తారు, ‘చాలా బాధ కలిగింది, చాలా నేర్చుకున్నాను’ అని అందరూ ఒకటే రాస్తారు. అది నీకు పనికిరాదు. నీ నోట్‌బుక్‌లో బిడ్డ పేరు, ఊరు, ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే ఐపీ నంబరు రాయకు. ఫోటో తీయకు, ముద్దొస్తున్నాడని కూడా తీయకు, క్లాసు వాట్సాప్ గ్రూపులో అసలు పెట్టకు.

సిస్టర్ మార్కులు కూడా వేస్తారా అన్నది మీ మేడంని ముందే అడిగి తెలుసుకో. బ్రిటన్‌లో ఒకప్పుడు మెంటరే నేర్పి, మెంటరే పాస్ చేసేవారు. 2018లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఆ రెండు పనులూ విడదీసింది, రోజూ పక్కనుండి నేర్పేవాళ్ళు వేరు, తేల్చేవాళ్ళు వేరు. మన తెలుగు అమ్మాయిలు అక్కడికి వెళ్ళి పనిచేస్తున్నారు కాబట్టి ఈ సంగతి మీలో కొందరు వినే ఉంటారు. మార్కులు వేసే మనిషి దగ్గర “నాకు ఇది రాదు” అని ఎవరు ఒప్పుకుంటారు? మీ దగ్గర రెండూ ఒకరే అయితే, మొదటి మూడు వారాలు నేర్చుకోవడానికి, చివరి వారం చూపించడానికి అని ముగ్గురూ కలిసి అనుకోండి.

సిస్టర్ నైట్ డ్యూటీకి మారినా, సెలవు పెట్టినా ఏం చేయాలో మొదటిరోజే అనుకోవాలి. “మీరు లేనప్పుడు ఎవరిని అడగమంటారు?” అని ఆవిడ చేతే ఒక పేరు చెప్పించుకో. ఆవిడ చెప్పి పెడితే ఆ రెండో సిస్టర్ కాదనరు. ఎంత చిన్నగా అడిగినా, ఏ వేళకి అడిగినా కసురుకోవడమే అయితే మొదటి వారంలోనే మేడంకి చెప్పు. ఫిర్యాదులా కాకుండా ‘నాకు జత కుదరట్లేదు’ అన్నట్టు చెప్పు. ఏ మెంటర్‌తోనైనా అందరికీ కుదరదు. నాలుగో వారంలో చెప్తే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.

ప్రొసీజర్ బుక్ సంఖ్యల గురించి నీ భయం నాకు తెలుసు. చివరి రోజు ఒకరి బుక్ చూసి ఒకరు నింపేసుకోవడం, సిస్టర్ తల ఎత్తకుండా సంతకాలు పెట్టేయడం ఎక్కడైనా జరిగేదే. నువ్వు అలా చేయకు. చేయనిది చేశానని రాస్తే ఇంటర్న్‌షిప్‌లో నిన్ను నమ్మి ఒక బిడ్డను అప్పగిస్తారు, ఆ సంతకాన్ని చూసి. మూడో వారం మొదట్లోనే బుక్ తెరిచి ఏవి తక్కువున్నాయో చూసుకుని మేడంకి చెప్పు. కొన్నిటికి ఓపీకి, వ్యాక్సిన్ రోజుకి పంపగలరు, కొన్ని స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ మీద చేయించి అలాగే రాయమంటారు. చూసినవి ‘చూశాను’ అనే రాయి. బొమ్మ మీద చేసిందీ బిడ్డకి చేసిందీ ఒకే గడిలో వేయకు. ప్యాట్రీషియా బెన్నర్ అనే అమెరికన్ నర్సు 1984లో నర్సు అనుభవాన్ని అయిదు మెట్లుగా విడదీసి చూపించింది. మొదటి మెట్టు మీద ఉన్నవాళ్ళు నియమం పట్టుకుని నడుస్తారు, పైమెట్టు మీద ఉన్నవాళ్ళు బిడ్డను ఒక్కసారి చూసి ఏదో తేడాగా ఉందంటారు. మీ సిస్టర్ అలా అన్నప్పుడల్లా “ఏం చూసి అలా అన్నారు సిస్టర్?” అని అడుగు. ఒక్కోసారి ఆవిడకే వెంటనే తెలియదు, ఆగి ఆలోచించి చెప్తారు. ఆ జవాబులు ఏ ప్రొసీజర్ బుక్‌లోనూ ఉండవు, నీ నోట్‌బుక్‌లో ఉండాలి.

కాబట్టి రేపు పొద్దున సిస్టర్ అడిగితే: “ఈ వారం శ్వాస లెక్కపెట్టడం సరిగ్గా రావాలి సిస్టర్. రోజుకి ఒక్క బిడ్డను మీరూ నాతోపాటు లెక్కపెట్టగలరా?” ఆ లక్ష్యం రాసిన కాగితం కూడా చేతిలో పెట్టుకో, మాట తడబడితే చూపించవచ్చు.

గిఫ్ట్ వద్దు. క్లాసులో తలా వంద వేసుకుని చీరో గోడ గడియారమో కొనడం మొదలైతే, డబ్బు లేని పిల్లకి అదొక కొత్త టెన్షన్, మార్కుల మీద కూడా అనుమానం వస్తుంది. అంతగా ఇవ్వాలనిపిస్తే అరపేజీ ఉత్తరం రాయి. ఆవిడ దగ్గర ఏమేం నేర్చుకున్నావో పనుల పేర్లతో సహా రాసి, ఒకటి ఆవిడకి, ఒక కాపీ నర్సింగ్ సూపరింటెండెంట్ గారికి ఇవ్వు. విద్యార్థులకి నేర్పినందుకు స్టాఫ్ నర్సులకి జీతం పెరగదు, డ్యూటీ తగ్గదు. కనీసం ఆ సంగతి పై ఆఫీసులో కాగితం మీద ఉంటుంది, వచ్చే బ్యాచ్‌కి మెంటర్‌ని వేసేటప్పుడు ఆవిడకి ఇద్దరు పేషెంట్లను తగ్గించమని అడగడానికి మీ మేడంకి ఒక ఆధారమూ ఉంటుంది.